నిషిడా మామ్మ ఇంటి జనాభా లెక్క

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ళనుకుని కసురుకుందామని తీశాను. ఆడగొంతు, ఇంగ్లిష్‌లో, చాలా మర్యాదగా, "గ్వెల్ఫ్‌లో టోమికో నిషిడా ఇంట్లో అద్దెకున్న వసుంధర గారు మీరేనా?" అంది. ముందు గ్రైండరు ఆపాను. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ పేరు ఇంకొకరి నోట విని ముప్పై ఏళ్ళు దాటింది. కాదండీ, రాంగ్ నంబర్ అనేద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. నోరు మాత్రం అవునంది.

ఫోను చేసింది ఆ నిషిడా మామ్మ మనవరాలు కేరన్. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు దానికి పదకొండేళ్ళు, పళ్ళకి తీగలు, కాస్త ఎర్రగా ఉండే జుట్టు, ప్రతి ఆదివారం వచ్చి నా ఆవకాయ వాసన చూసి ముక్కు మూసుకుని మళ్ళీ వాసన చూసేది. ఇప్పుడు యాభైకి దగ్గరపడింది. వాళ్ళమ్మ లిండా ఈ చలికాలంలో పోయిందట. ఇల్లు ఖాళీ చేస్తుంటే అమ్మమ్మ సామాను పెట్టెలో నా ఉత్తరం దొరికిందట. ఇంటర్నెట్‌లో నా పేరు వెతికితే సస్కటూన్ తెలుగు సంఘం వాళ్ళ ఉగాది ఫోటో కింద కనబడిందట. వచ్చే వారం ఇక్కడ యూనివర్సిటీలో ఏదో మీటింగుంది, ఒక గంట మీ ఇంటికి రావచ్చా అని అడిగింది. "రావచ్చా ఏమిటమ్మా, రా" అన్నాను. ఫోను పెట్టేశాక పిండి సంగతే మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ ఉత్తరం క్షమాపణ ఉత్తరం. ఆ ఇంట్లో ఉండగా నేనొక పని చేశాను. దానివల్ల డెబ్బై దాటిన ఒక మనిషి వారం రోజులు వణికిపోవడం కళ్ళారా చూశాను. తర్వాత ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాను. ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఆమె పోయిందని ఎప్పుడో ఎవరిద్వారానో తెలిసింది. మిగిలిన రోజులన్నీ నావల్లే భయపడుతూ బతికిందా అన్న ప్రశ్న ఒక్కటి నాతో ఉండిపోయింది. మొగుడికి చెప్పుకున్నాను, ఆయన "ఎప్పటి సంగతో, వదిలెయ్యవే" అన్నారు. వదలడానికి అదేమైనా చేతిలో వస్తువా? ఇన్నేళ్ళకి వాళ్ళ మనిషి ఆ ఉత్తరం పట్టుకుని వస్తోందంటే నాకేం పాలుపోతుంది?

ఇంతలో బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న శ్రావ్య కాఫీకి పైకొచ్చింది. కరీంనగర్ పిల్ల, ఇక్కడ వ్యవసాయానికి సంబంధించిన ఏదో కోర్సు చదువుతోంది, సాయంత్రాలు గ్రోసరీ స్టోర్‌లో పని. "ఏమైంది ఆంటీ, అట్ల కూసున్నరు?" అంటూనే ఫోను నా మొహం మీద పెట్టింది. "గ్రూప్‌లో మెసేజ్ చూసిన్రా? సెన్సస్ ఫారమ్ వచ్చింది కదా, మదర్ టంగ్ దగ్గర తెలుగు అని కంపల్సరీ రాయాల్నట. మన నంబర్ పెరగాల్నట. నేను ఆల్రెడీ పదిమందికి ఫార్వర్డ్ చేసిన." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజుల్లో నేను చేసిన తప్పు కూడా సరిగ్గా ఈ ఫారం మీదే.

కెనడాలోనే తూర్పువైపున్న గ్వెల్ఫ్‌కి నేను పాల పదార్థాల మీద ఎమ్మెస్సీ చెయ్యడానికి వెళ్ళాను. మాది తణుకు. అప్పట్లో అక్కడ తెలుగువాళ్ళని వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లల్లా ఎయిర్‌పోర్టుకి కారు తీసుకొచ్చే సీనియర్లూ లేరు, పప్పు వండి పెట్టే రూమ్మేట్లూ లేరు. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద చిన్న కాగితం కనబడింది: గది అద్దెకు, నిశ్శబ్దంగా ఉండే ఆడపిల్లకు మాత్రమే. నిశ్శబ్దానికీ నాకూ పుట్టినప్పటినుంచీ పడదు, కానీ అద్దె తక్కువ. వెళ్ళి తలుపు కొడితే నా భుజం దాకా కూడా రాని ఒక తెల్లజుట్టు పెద్దావిడ తీసింది. ముందు నా మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. నేను చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయటే విప్పాను. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

నా మట్టుకు నేను ఆ ఇంటికి ఒప్పుకున్నది బాత్రూం చూసి. కెనడాలో అడుగుపెట్టాక బకెట్టూ చెంబూ చూడలేదు, ఒళ్ళు సరిగ్గా తడవని ఆ షవరు కింద నిలబడి రోజూ తిట్టుకునేదాన్ని. ఇక్కడ బాత్రూంలో పొట్టి చెక్క పీట, పక్కన బకెట్టు, అందులో పిడి ఉన్న ముంత! నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ జపాను పద్ధతేమిటంటే, ముందు పీట మీద కూర్చుని శుభ్రంగా ఒళ్ళు రుద్దుకోవాలి, ఆ తర్వాతే తొట్టెలోని వేడినీళ్ళలోకి దిగాలి. తొట్టెలో నీళ్ళు మురికి కాకూడదు, ఎందుకంటే అవే నీళ్ళలో తర్వాతివాళ్ళు కూర్చుంటారు. ఆ చివరి ముక్క విని నేను కాస్త జంకాను. పీట దాకా చాలు మామ్మగారూ అన్నాను. మామ్మ అన్న మాటకి అర్థం అడిగింది. చెప్పాను. ఆ రోజునుంచి మిసెస్ నిషిడా అనడం మానేసి మామ్మ అనే పిలిచేదాన్ని, ఆమె నన్ను వసు అనేది.

పొద్దున్నే ఆమె బియ్యం కడిగే చప్పుడుకి మెలకువ వచ్చేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగేది, చేత్తో మెల్లిగా తిప్పుతూ, తొందరన్నది లేకుండా. అన్నం అయ్యాక మొదటి ముద్ద చిన్న గిన్నెలో పెట్టి హాల్లో ఉన్న మొగుడి ఫోటో ముందు ఉంచేది. మా ఇంట్లో నైవేద్యం చూసి పెరిగినదాన్ని కనక నాకది వింతగా అనిపించలేదు. అన్నమే వింత. ముద్దముద్దగా అంటుకుపోయి ఉండేది. మా అమ్మ వంటింట్లో అన్నం అలా ముద్దైతే ఆ పూట వండినవాళ్ళకి మూడినట్టే. నేను వండుకున్న పొడిపొడి అన్నం చూసి ఆమె, "ఇది పుల్లలకి ఎలా అందుతుంది?" అంది. "పుల్లలెందుకు, అయిదు వేళ్ళున్నాయిగా" అని కలిపి చూపించాను. ఆవకాయ నంజుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మర్నాడు మళ్ళీ అడిగింది. బేస్‌మెంట్‌లో ఆమె ముల్లంగి ఊరేసిన బకెట్టు వాసన ముందు నా ఆవకాయ ఏ మూలకీ రాదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఒక్క విషయం మాత్రం నాకు అంతుబట్టేది కాదు. కానాగంతలు కాల్చినప్పుడల్లా మామ్మ ఇంట్లో కిటికీలన్నీ మూసేది. చేపల వాసన పోవాలని ఎవరైనా కిటికీలు తీస్తారు, ఈవిడేమిటి తిరగేసి చేస్తోందని నేను తీయబోతే, "వద్దు, వీధిలోకి వెళ్తుంది" అనేది. ఇంట్లో మేమిద్దరం పొగకి దగ్గుతూ కూర్చునేవాళ్ళం. అలాగే ఆమె చెల్లెలి వరస ఒకావిడ అదే ఊళ్ళో రెండో చివర ఉండేది. ఇంత దగ్గర చుట్టాలు పక్క వీధిలో ఇల్లు తీసుకోవచ్చుగా అంటే, "ఒక వీధికి మావాళ్ళ ఇల్లు ఒకటి చాలు" అనేది. ముగ్గురు కలిసి బజార్లో నడవాల్సివస్తే ఒకరు వెనక్కి తగ్గి విడిగా నడిచేవారు. మర్యాద కాబోలనుకున్నాను. మేమైతే నలుగురు తెలుగువాళ్ళం కనబడితే రోడ్డు మధ్యలోనే నిలబడి గంట మాట్లాడుకునే రకం.

వేసవిలో ఒకసారి వాళ్ళవాళ్ళ పిక్నిక్‌కి నన్నూ తీసుకెళ్ళింది. ఊరి బయట ఎవరిదో పొలం, అక్కడికి కూడా ఎవరి కారులో వాళ్ళే, అంతంత దూరంగా వచ్చారు. అక్కడే ఆమె నాకు వాళ్ళ తరాల పేర్లు చెప్పింది. జపానునుంచి వచ్చిన మొదటివాళ్ళు ఇస్సే, ఇక్కడ పుట్టిన వాళ్ళ పిల్లలు నిసే, తర్వాత సాన్సే, ఆ తర్వాత యోన్సే. ఒకటోవాళ్ళు, రెండోవాళ్ళు, మూడోవాళ్ళు, నాలుగోవాళ్ళు అంతే. మేం గోత్రాలు చెప్పుకుంటాం, మీరు నంబర్లు చెప్పుకుంటారన్నమాట అని వేళాకోళం చేశాను. నవ్వింది. తను రెండోది, లిండా మూడోది, కేరన్ నాలుగోది. నేను చుట్టూ చూశాను. చెట్టు కింద కూర్చున్న పెద్దవాళ్ళంతా ఒక్క పోలిక, తెల్లజుట్లు. నీళ్ళలో ఆడుతున్న పిల్లల్లో గోధుమ జుట్టు, ఎర్ర జుట్టు, నీలం కళ్ళు, మచ్చలున్న ముక్కులు, అన్నీ ఉన్నాయి. మూడోతరంలో వాళ్ళవాళ్ళనే పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఆ పొలంలో ఒక్కరైనా ఉన్నారో లేదో. "మేం పోయాక ఈ ఊళ్ళో మావాళ్ళు ఎవరని ఎవరూ పోల్చుకోలేరు" అంది మామ్మ. బాధగా అనలేదు. పని పూర్తయిందన్నట్టు అంది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. జనాభా లెక్కలొస్తే మేస్టర్లకే డ్యూటీ. ఎండలో గొడుగేసుకుని, చంకలో కాగితాల కట్టతో ఇంటింటికీ తిరిగేవారు. ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పేవారు కాదు, సిగ్గు. "రాముడా? కృష్ణుడా? వెంకన్నా?" అని ఆయనే ఒక్కొక్కటీ అడిగితే, సరైన పేరు దగ్గర తల ఊపేవారు. "ఇంట్లో ఎంతమందమ్మా?" అంటే, "నలుగురం, అయిదోది కడుపులో ఉంది, అదీ రాసుకోండి మేస్టారూ" అనేవారు. ఎవరినైనా రాసుకోకుండా వెళ్ళిపోతారేమోనని మజ్జిగిచ్చి కూర్చోబెట్టేవారు. తమ ఇల్లు వదిలేశారని మర్నాడు స్కూలుకొచ్చి పోట్లాడినవాళ్ళున్నారు. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఒక్క మనిషిని తప్పు రాసినా లెక్కంతా తప్పేనే" అనేవారు. నాకు అది వేదవాక్కు. లెక్కలో ఉండడమంటే గౌరవమని నా ఒంట్లో ఇంకిపోయింది.

పిక్నిక్ తర్వాతి ఏడాది వేసవి మొదట్లో సెన్సస్ ఫారం వచ్చింది. పెద్ద ఫారం, బోలెడు పేజీలు. అది ఇల్లు మొత్తానికి ఒకటే కనక అద్దెకున్న నన్నూ అందులోనే రాయాలి. మామ్మ దాన్ని పళ్ళ బుట్ట కింద పెట్టి వారం రోజులు దాని జోలికి పోలేదు. చివరికి వేళ్ళు వంకర్లు పోయి పెన్ను పట్టుకోలేనని నన్నే రాయమంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను అడుగుతుంటే తను చెప్పేది. పేరు, పుట్టినరోజు, ఇంట్లో భాష. పూర్వీకులు ఏ జాతివారన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"నీది ఏముంటే అది రాయి. నాకు కెనడియన్ అని రాయి" అంది.

"అది దేశం కదా మామ్మగారూ, వాళ్ళడిగేది పూర్వీకుల గురించి" అన్నాను.

"నేను ఇక్కడే పుట్టాను. కెనడియన్ అని రాయి."

"జపనీస్ అంటే ఏం పోయింది?"

"రాయమన్నది రాయి, వసు" అంది. అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. రాశాను. సంతకం చేసింది. కవరు నా చేతికిచ్చి పోస్టు చెయ్యమంది.

పోస్టు డబ్బా వీధి చివర. అక్కడికి నడిచేలోపు నా బుర్రలో మా నాన్నా, ఆ పొలంలో చెట్టు కింద తెల్లజుట్లూ ఒకటే గోల. ఉన్నదే కొద్దిమంది, ఆ కొద్దిమందీ ఇలా తమని తాము తుడిచేసుకుంటే ఎలా అనిపించింది. పెద్దావిడది చాదస్తం, నేను సరిచెయ్యకపోతే ఎవరు చేస్తారనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పొగరు, ఇంకేం కాదు. కవరు ఇంకా అతికించలేదు. గోడ మీద ఫారం పెట్టి, కెనడియన్ కొట్టేసి, పక్కన జపనీస్ అని గుండ్రంగా రాశాను. డబ్బాలో పడేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. నా మొహం మండా!

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనం చేస్తుంటే తలుపు చప్పుడైంది. చేతిలో అట్టా పెన్నూ పట్టుకుని, మెడలో కార్డుతో సెన్సస్ ఆవిడ. చాలా మంచిగా నవ్వుతూ, ఏమీ లేదండీ, ఒకచోట ఒక జవాబు కొట్టేసి ఇంకొకటి రాశారు, రెండింట్లో ఏది సరైనదో కనుక్కుందామని వచ్చానంది. ఫారం తిప్పి చూపించింది. మామ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. తలెత్తి నావంక చూసింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆమె మొహంలో కోపం కనబడితే బాగుండేది, కోపానికి బదులు చెప్పడం నాకు తెలుసు. రంగు పోయింది, అంతే. సెన్సస్ ఆవిడ వైపు తిరిగి, "జపనీస్. అదే సరైనది" అని కొంచెం వంగి నమస్కారం పెట్టి, ఆవిడ మెట్లు దిగేదాకా నిలబడి, తలుపేసి గడియ పెట్టింది. భోజనం ముగించింది. గిన్నెలు కడిగింది.

మర్నాడు ల్యాబునుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన గోడకానించి ఒక తోలు సూట్‌కేసు ఉంది. పాతది, అంచులు అరిగినది. లిండా ఇంటికి వెళ్తోందేమోననుకున్నాను. మూడో రోజూ అక్కడే ఉంది. మామ్మ పగలంతా హాల్లో కిటికీ పక్కన కూర్చుంటోంది, బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, జుట్టు శుభ్రంగా దువ్వుకుని. కారు ఆగిన చప్పుడైతే లేచి నిలబడుతోంది. నాలుగో రోజు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక ఆ పెట్టె తెరిచాను. పైన ఆమె ఉన్ని కోటు, మందులు, మొగుడి ఫోటో, గుడ్డసంచిలో బియ్యం. వాటి కింద నా స్వెటర్. నా మందపాటి మేజోళ్ళు. నా సర్టిఫికెట్ల ఫైలు. తువ్వాలులో చుట్టిన నా ఆవకాయ సీసా. వాళ్ళు వస్తే ఇద్దర్నీ తీసుకుపోతారని, ఒకే ఫారంలో ఉన్నాం కనక నన్నూ వదలరని, నాక్కూడా సర్దింది. నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

ఆమె స్నానం చేసి వచ్చి నన్ను అలా చూసింది. అప్పుడు చెప్పింది, పక్కన నేలమీదే కూర్చుని. పుట్టింది కెనడాలోనే, ఆ పడమటి సముద్రం ఒడ్డున, చేపలు పట్టే ఊళ్ళో. మొగుడికి సొంత పడవ ఉండేది. జపానుతో యుద్ధం వచ్చినప్పుడు జపనీసులంతా వచ్చి పేర్లు రాయించుకోవాలన్నారు. ఇక్కడ పుట్టినవాళ్ళని కూడా. వెళ్ళి వరసలో నిలబడి రాయించుకున్నారు. ఫోటో, బొటనవేలి ముద్ర ఉన్న కార్డు ఇచ్చారు, అది ఎప్పుడూ ఒంటిమీద ఉండాలి. "అందరం నిజమే రాయించుకున్నాం, వసు. చాలా ఒద్దికగా, ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. తర్వాత ఆ లెక్క ప్రకారమే మమ్మల్ని రైలెక్కించారు." మోయగలిగినంత సామాను, అంతే. పడవ పోయింది, ఇల్లు పోయింది. లిండా కొండల్లో, వాళ్ళని నిర్బంధించిన క్యాంపులో పుట్టింది. యుద్ధం అయ్యాక తూర్పుకి పోతారా, జపానుకి పోతారా అనడిగారు. జపాను ఆమె ఏనాడూ చూడలేదు. తూర్పుకి వస్తే, గుంపుగా ఉండకండి, చెదిరి బతకండి అని చెప్పారట. ఆమె చెప్పినమాట విన్న మనిషి. మూసిన కిటికీలూ, వీధికి ఒకే ఇల్లూ, విడివిడిగా నడవడం, అన్నీ నాకు ఒక్కసారి తెలిసొచ్చాయి. కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది. మా దగ్గర అలా చెయ్యరు అంది.

వారం గడిచాక ఆదివారం పొద్దున్న చూస్తే సూట్‌కేసు లేదు. నా స్వెటర్ మడతపెట్టి నా మంచం మీద ఉంది, ఆవకాయ సీసా వంటింట్లో దాని చోట ఉంది. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు, నాకెత్తే ధైర్యం లేదు. మునుపటిలాగే బియ్యం కడిగేది, మునుపటిలాగే నా అన్నం చూసి నవ్వేది. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? రెండు నెలలకి సస్కటూన్‌లో ధాన్యం పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. బస్సెక్కే రోజు అన్నం ఉండలు కట్టి ఆకులో చుట్టి ఇచ్చింది. జాగ్రత్త అంది. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలోనే ఆరు పేజీల ఉత్తరం రాశాను. రోజూ పోస్టు కోసం చూసేదాన్ని, తర్వాత వారానికోసారి, తర్వాత మానేశాను.

కేరన్ శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. గుమ్మం బయటే బూట్లు విప్పింది. జుట్టులో ఎరుపు పోయి నెరుపు వచ్చింది. నడకలో అచ్చం మామ్మే. పెసరట్లు వేశాను, రెండు తిని మూడోది అడిగింది. వాళ్ళాయన ఫిలిప్పీన్స్ మనిషట, ఇద్దరు పిల్లలు. "మా పిల్లలు ఫారంలో పూర్వీకుల గురించి రాయాలంటే గీతలు చాలవు. జపనీస్, స్కాటిష్, ఫిలిపినో, ఇంకా మా ఆయన తాతగారివైపు ఎవరో స్పానిష్. చిన్నది అన్నీ రాయాల్సిందేనని పట్టుబడుతుంది" అని నవ్వింది. శ్రావ్య పైకొచ్చి హాయ్ చెప్పి, వాళ్ళ గ్రూప్ మెసేజ్ గురించి తనే చెప్పింది, మన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందిమయ్యాం, ప్రతి ఒక్కరూ రాయాలి అని. ఆ పిల్లది ఎంత తేలికైన గొంతు! బస్టాపులో పదిమంది కలిసి నిలబడి గట్టిగా తెలుగులో మాట్లాడుకుంటారు, పోపు వాసన వీధంతా వెళ్తే వెళ్తుంది. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటా, ఎక్కడో చిన్న బెరుకూ రెండూ కలుగుతాయి. ఆ బెరుకు మామ్మ నాకిచ్చిందే. ఈ పిల్లలకి అది ఎప్పటికీ అవసరం రాకూడదని మాత్రం గట్టిగా అనుకుంటాను.

శ్రావ్య కిందికి వెళ్ళాక నేనే అడిగేశాను. ఇంక ఆగడం నావల్ల కాలేదు. "కేరన్, ఆ ఉత్తరం చదివావుగా. మీ అమ్మమ్మ నన్ను క్షమించిందా? నావల్ల ఆవిడ చివరిదాకా భయపడుతూనే ఉందా?"

కేరన్ వింతగా చూసింది. "భయమా? మీకు నిజంగా తెలియదా?" అంది. "ఆమె ఉత్తరాలు రాయలేకపోయేది, చేతులు అలా ఉండేవి కదా. మా అమ్మ చేత రాయించాలంటే, ఆ సంగతంతా మా అమ్మకి చెప్పాలి. అప్పటికింకా చెప్పలేదు. తర్వాతి సెన్సస్ వచ్చినప్పుడే చెప్పింది. అప్పటికి మీ ఉత్తరం ఏ పెట్టెలో ఉందో ఎవరికీ తెలియదు."

అయిదేళ్ళ తర్వాత మాట. మామ్మ అప్పటికి లిండా వాళ్ళతో ఉంటోంది. ఫారం రాగానే ఇంట్లో అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టిందట, స్కాటిష్ అల్లుడితో సహా. లిండా అలవాటు కొద్దీ తల్లి పేరు దగ్గర కెనడియన్ అని రాయబోతే పెన్ను లాక్కుందట. ఆ వంకర వేళ్ళతో, ఒక్కొక్క అక్షరానికీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ, జపనీస్ అని తనే రాసిందట. పెన్ను లిండాకిచ్చి నువ్వూ రాయి అందట. ఆ తర్వాత కేరన్‌కిచ్చి, నీ తండ్రిది ముందు రాయి, తర్వాత మాది రాయి అందట. లిండాకి మతిపోయింది. చిన్నప్పటినుంచీ ఎవరికీ చెప్పొద్దన్నదానివి, ఇప్పుడేమిటమ్మా ఇది అని అడిగిందట. అప్పుడు మామ్మ యుద్ధం సంగతీ, పడవ సంగతీ, సూట్‌కేసు సంగతీ మొత్తం చెప్పిందట, నవ్వుతూ.

"ఏమని చెప్పింది?" అన్నాను.

"ఒకసారి మా ఇంట్లో ఒక పిచ్చిపిల్ల నాకు చెప్పకుండా నిజం రాసేసింది. పెట్టె సర్దుకుని వారం రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎవరూ రాలేదు. యాభై ఏళ్ళుగా వస్తారనుకుంటున్నాను, ఆ వారంలో తేలిపోయింది, ఎవరూ రారు. ఇక రాయండి, అంది."

అమ్మయ్య, అన్నాను. పైకే అన్నాను, తెలుగులోనే అన్నాను. కొంగుతో మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. కేరన్ లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. ఎవరూ రాలేదు. ముప్పై ఏళ్ళు నేను మోసిన ఆ వారం, ఆవిడకి విడుదల వారమన్నమాట.